బేరం తెగని ఐస్ హాకీ ఆటగాడు

నేను మంచుగడ్డను ఫ్రిజ్‌లోనూ చెరుకురసం బండి మీదా తప్ప ఇంకెక్కడా చూసినదాన్ని కాదు. అలాంటి నేను ఒక చలికాలమంతా, సముద్రాల అవతల మంచు మీద ఆడే ఒక గొప్ప ఆటగాడిని ఎవరికివ్వాలి, బదులుగా ఎవరిని తీసుకోవాలి, అసలు ఇవ్వాలా వద్దా అని తల బద్దలు కొట్టుకున్నాను. కందకు లేని దురద కత్తిపీటకెందుకే అంది మా అమ్మ ఫోనులో. నిజమే, నేనంటూ ఒకదాన్ని ఉన్నానని కూడా ఆ ఆటగాడికి తెలియదు. అయినా ఆ సంగతి గుర్తొస్తే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

మా ఆఫీసు గచ్చిబౌలిలో. విదేశంలో బాగా చలి ఊళ్ళో ఉన్న ఒక బీమా కంపెనీకి మేము సాఫ్ట్‌వేర్ పని చేసిపెడతాం. నేను టెస్టింగ్ లీడ్‌ని. తయారైన సాఫ్ట్‌వేర్‌లో తప్పులు వెతికి, ఇది బయటికి వెళ్ళొచ్చు, ఇది వెళ్ళకూడదు అని చెప్పడం నా పని. చెప్పడం వరకే నా పని. దాన్ని క్లయింటు చెవిన వేయడం మా మేనేజరు గారి పని. ఆయన గోదావరి జిల్లా మనిషి, మెత్తటి మనిషి, లిఫ్టు దగ్గర సెక్యూరిటీ వాళ్ళను కూడా అండి అంటారు. క్లయింటుకి కాదు అని చెప్పడం ఆయన ఒంట్లోనే లేదు. నేను "ఇది పగులుతుంది, ఆపండి" అంటే, ఆయన క్లయింటుతో "చిన్న పరిశీలన ఒకటుంది, పెద్దగా ఏం లేదు" అనేవారు. సాఫ్ట్‌వేర్ వెళ్ళేది, పగిలేది, శనివారం వచ్చి మేమే అతికించేవాళ్ళం.

క్లయింటు వైపు పెద్దాయన ఒకడున్నాడు. యాభై దాటిన మనిషి, కాల్‌లో కెమెరా పెట్టడు, గొంతు మాత్రం గరగరమంటూ వినిపిస్తుంది. ఏళ్ళ తరబడి నేను ఆయనకు రాసిన మెయిళ్ళకు లెక్కలేదు. ఆయన ప్రతి జవాబూ "హాయ్ టీమ్" అని మొదలయ్యేది. నేనొక్కదాన్నే రాసినా, అడుగున నా పేరు పెట్టినా, "హాయ్ టీమ్". చివర్లో "సహకారానికి ధన్యవాదాలు". మా ఆఫీసులో దీన్నెవరూ పట్టించుకోరు. నాకు మాత్రం ప్రతిసారీ పంటి కింద రాయిలా తగిలేది.

ఒక సాయంత్రం కాల్ చివర్లో ఆ పెద్దాయన, పనికి సంబంధం లేని మాట ఒకటి ఎత్తాడు. వాళ్ళ ఆఫీసులో పదిమంది కలిసి ఏటా ఐస్ హాకీ ఫాంటసీ లీగ్ ఆడుకుంటారట. ఒకతను ఉద్యోగం మానేశాడు, ఒక జాగా ఖాళీగా ఉంది, మీ వైపు నుంచి ఎవరైనా వస్తారా అని. మా గదిలో అందరూ బల్లకేసి చూశారు. మేనేజరు గారు మ్యూట్ తీసి, మా టెస్టింగ్ లీడ్‌కి ఐస్ హాకీ అంటే చాలా ఇష్టమండి అని నా పేరు చెప్పేశారు. ఆయనకు నా పక్క కుర్చీలో కూర్చునే హక్కు ఉంది కానీ నా ఇష్టాలు చెప్పే హక్కు ఎవరిచ్చారో నాకు తెలియదు.

ఆట నేర్చుకోక తప్పలేదు. నేర్పింది మా బోరబండ తమ్ముడు. తమ్ముడంటే సొంత తమ్ముడు కాదు, నా పక్క సీటులో టెస్టింగ్ చేసే ఇద్దరు పిల్లల తండ్రి. బోరబండలో లోకల్ ట్రైన్ ఎక్కి, హైటెక్ సిటీలో దిగి వస్తాడు. ఆ దారిలో ఫోనులో వీడియోలు చూసి, మధ్యాహ్నం క్యాంటీన్‌లో నాకు పాఠం చెప్పేవాడు. కాళ్ళకు కత్తుల బూట్లు కట్టుకుని మంచు మీద జారుతూ, క్యారమ్స్ స్ట్రైకర్‌ని పెంచినట్టుండే నల్ల రబ్బరు బిళ్ళను కర్రతో గోల్‌లోకి కొట్టడం ఆట. తప్పు చేసినవాడిని కాసేపు అద్దాల గదిలో కూర్చోబెడతారు. ఆ కాసేపు అవతలి జట్టుకు పండగ. ఇక ఫాంటసీ అంటే మనకు క్రికెట్‌లో తెలిసిందే, నిజం ఆటగాళ్ళతో ఉత్తుత్తి జట్టు కట్టుకోవడం, వాళ్ళు నిజం ఆటలో కొట్టే గోల్స్ మన జట్టు లెక్కలో పడటం. తేడా ఒక్కటే. వీళ్ళ లీగ్‌లో ఒక ఆటగాడు ఒక్కరి జట్టులోనే ఉంటాడు, సీజన్ అంతా ఉంటాడు. వేరేవాళ్ళకు అతను కావాలంటే బేరమాడి, బదులు ఇచ్చి తీసుకోవాలి. పైసల వ్యవహారం లేదు. గెలిచినవాళ్ళ బల్ల మీద సొట్టపడ్డ రేకు కప్పు ఒకటి ఏడాదంతా ఉంటుంది, అంతే.

జట్లు ఎంచుకునే రోజు వాళ్ళకు సాయంత్రం, నాకు తెల్లవారి దోసెల వేళ. మణికొండ ఫ్లాట్‌లో పొయ్యి పక్కన ల్యాప్‌టాప్ పెట్టుకుని కూర్చున్నాను. నా వంతు వచ్చేసరికి జాబితాలో ఒక పేరు ఇంకా మిగిలి ఉంది. అక్కడ దేశమంతా పేరున్న ఆటగాడు, మోకాలికి ఆపరేషన్ అయింది, ఎప్పుడొస్తాడో తెలియదు, ఈ వయసులో మునుపటిలా ఆడతాడో లేదో అసలు తెలియదు. అందుకని అందరూ దాటేశారు. బోరబండ తమ్ముడు ఫోనులో ఉన్నాడు. "దవాఖాన కెల్లి వచ్చినోడు కసి మీదుంటడు అక్కా, తీస్కో" అన్నాడు. తీసుకున్నాను. లీగ్ చాట్ గ్రూపులో నవ్వే బొమ్మలు వరదలా వచ్చాయి. ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అన్నట్టయింది నా సంగతి.

నెల తిరిగాక అతను మంచు మీదికి వచ్చాడు. ఇక ఆగలేదు. వాళ్ళ రాత్రి ఆటలు మాకు పొద్దున నడుస్తాయి. పాప లంచ్ బాక్స్‌లో పెరుగన్నం పెడుతుంటే ఒక గోల్, జడ వేస్తుంటే ఒక గోల్, ఆఫీసు బస్సు నానక్‌రామ్‌గూడ దగ్గర ఇరుక్కుపోతే అక్కడొకటి. ఫోను టింగుమంటే పాప "మంచు మామ కొట్టాడా అమ్మా" అనేది. అట్టడుగున ఉన్న నా జట్టు మెల్లగా ఎగబాకి మూడో స్థానానికి వచ్చింది. మొదటి స్థానంలో ఎవరున్నారంటే, ఆ గరగర గొంతు పెద్దాయన.

అప్పుడు ఆయన దగ్గర్నుంచి ఒక సందేశం వచ్చింది, మెయిల్ కాదు, లీగ్ యాప్‌లో. ఆ స్టార్ ఆడే జట్టు ఆయన ఊరిదట. చిన్నప్పటి నుంచి ఆ జట్టే ప్రాణమట. తన ఫాంటసీ జట్టులో ఆ ఆటగాడు లేకపోతే నిద్ర పట్టడం లేదట. బదులుగా ఇద్దరు సాదాసీదా ఆటగాళ్ళను ఇస్తానన్నాడు. నేను ఆ ఇద్దరి పేర్లూ తర్వాత చదివాను. ముందు చదివింది మొదటి మాట. అది నా పేరు. ఇన్నేళ్ళలో ఆ మనిషి నన్ను నా పేరుతో పిలవడం అదే మొదలు.

బేరం నాకు కొత్త కాదు. నేను పుట్టింది కడప జిల్లా, మా ఇంటి ఆడవాళ్ళు వంకాయల దగ్గర కూడా ముందు వెళ్ళిపోతున్నట్టు నాలుగడుగులు వేసి చూపిస్తారు. నేనూ అదే చేశాను. మీరిచ్చే ఇద్దరిలో ఒకడు సీజన్‌లో సగం అద్దాల గదిలోనే కూర్చున్నాడు, వాడిని మీరే ఉంచుకోండి అని రాశాను. జవాబు ఇట్టే వచ్చింది. మా నాన్న ట్రాక్టర్లు అమ్మేవాడు, నీ ముందు ఆయన చంటిపిల్లాడు అన్నాడు. ఒకడిని మార్చాడు. నేను ఇంకొకడిని కాదన్నాను. నా ఆటగాడి మోకాలు చూపించి ధర దించబోయాడు. మోకాలు బాగోలేనివాడి కోసం నిద్ర మానుకోవడమెందుకని అడిగాను. గ్రూపులో అందరి ముందు నన్ను దారిదోపిడీ దొంగ అన్నాడు. ఆ మాట చూసుకుని రోజంతా నవ్వుకున్నాను.

ఆ తర్వాత జరిగినదే నాకు ముఖ్యం. ఒక కాల్‌లో మా మేనేజరు గారు యథాప్రకారం చిన్న పరిశీలన అంటూ మొదలుపెట్టారు. గరగర గొంతు ఆయన్ని ఆపింది. నా పేరు పిలిచి, నువ్వేమంటావు అని అడిగింది. గదిలో నలుగురూ నా వైపు తిరిగారు. ఇది పంపిస్తే క్లెయిములు రెండుసార్లు నమోదవుతాయి, ఆపండి అన్నాను. సరే, ఆపుతాం అన్నాడాయన. అంతే. ఆ శనివారం నేను ఇంట్లో ఉన్నాను. నా మాట సముద్రం దాటి, ఎవరి నోటా నలగకుండా, నేనన్నట్టే చేరింది. జీతం పెరిగినప్పుడు కూడా నాకు అంత సంతోషం కలగలేదు.

ఇవతల బేరం కూడా ఒక కొలిక్కి వస్తోంది. నిజానికి ఆ స్టార్‌ని ఇవ్వడం నాకు నష్టమేం కాదు, తగిన బదులు దొరికితే. నా జట్టులో గోల్‌కీపర్ల పరిస్థితి తలుపుల్లేని ఇల్లులా ఉంది. పెద్దాయన దగ్గర ఈగను కూడా లోపలికి పోనివ్వని గోల్‌కీపర్ ఒకడున్నాడు. స్టార్‌కి వయసు మీదపడుతోంది, మోకాలు ఎప్పుడైనా మొరాయించొచ్చు, సీజన్ చివర్లో అతని జట్టు వరసగా పక్కపక్క రోజుల్లో ఆడాల్సి ఉంది, అప్పుడు అతన్ని కూర్చోబెట్టి విశ్రాంతి ఇస్తారు. గోల్‌కీపర్‌ని, వాడితో పాటు ఒక కుర్ర ఆటగాడిని ఇస్తే స్టార్‌ని ఇచ్చేయొచ్చు అని నేనూ తమ్ముడూ లెక్క తేల్చుకున్నాం. మా ఆయన రియల్ ఎస్టేట్ మనిషి, ఆయనకు లోకమంతా ప్లాట్లే. "రేటు పెరిగే బిట్టును ఎవురన్నా అమ్ముకుంటారా? ఇంగ కొన్నాళ్ళు పట్టుకో" అన్నాడు టీ తాగుతూ. ఆయన మాట కూడా కొట్టిపారేసేది కాదు. పెద్దాయన గోల్‌కీపర్‌ని ఇవ్వనని గింజుకుంటున్నాడు కానీ, ఆ గింజుకోవడంలోనే ఇస్తాడని తెలిసిపోతోంది. ఇంకొక్క మాట అటూ ఇటూ నడిస్తే బేరం తెగేది.

సరిగ్గా అప్పుడు మా కాంట్రాక్టు పొడిగింపు సమయం వచ్చింది. అదే సమయంలో మేనేజరు గారికి ఈ బేరం సంగతి తెలిసింది. ఎలా తెలిసిందంటే, తమ్ముడే క్యాంటీన్‌లో గర్వంగా చెప్పాడు. అక్క క్లయింటును ముప్పుతిప్పలు పెడుతోంది సార్ అన్నాడట. మేనేజరు గారి చేతిలో ఇడ్లీ చేతిలోనే ఉండిపోయిందట.

గంటలో మీటింగ్ పిలుపు వచ్చింది. పైన పేరు, "కీలక ఆటగాడి బదలాయింపుపై నిర్ణయం". గోటితో పోయేదానికి గొడ్డలి అంటే ఇదే. ఆయన స్లైడ్లు కూడా చేసుకొచ్చారు. ఎరుపు, పసుపు, పచ్చ గడులు. ఎరుపు గడిలో క్లయింటు అసంతృప్తి అని ఉంది. ముందు ఆయన నన్నడిగిన ప్రశ్న, ఇంతకీ ఆ ఆటగాడు బ్యాటింగా బౌలింగా అని. నేను ఓపిగ్గా చెప్పాను. కాసేపు ఆలోచించి, అతన్ని ఇద్దరి జట్టులోనూ ఉంచుకునే వీలు లేదాండి, ఇద్దరికీ చెరి సగం పనిచేసే రిసోర్స్ లాగా అన్నారు. తమ్ముడు దగ్గు వచ్చినట్టు మొహం పక్కకు తిప్పుకున్నాడు. నాకు నవ్వు రాలేదు. ఈ మనిషి ఏ వస్తువును ముట్టుకున్నా అది ప్రాజెక్టు అయిపోతుందేంటి అని విసుగొచ్చింది.

నేను ఎన్ని విధాల చెప్పానో. పెద్దాయనకు కావలసింది ఆటగాడు ఒక్కడే కాదు, బేరం కూడా అని చెప్పాను. ఊరికే ఇస్తే వాళ్ళు సంతోషించరు, ఈ లీగ్‌లో అది మర్యాద కాదు అని చెప్పాను. మేనేజరు గారు ప్రతి మాటకూ తల ఊపారు, ఒక్క మాటా లోపలికి పోలేదు.

"ఆటలో గెలిచి అకౌంట్ పోగొట్టుకుంటే ఎవరు బాధ్యులండి? ఇరవై కుటుంబాల అన్నం ఇది. ఆయన అడిగారు, మన దగ్గరుంది, ఇచ్చేద్దామండి."

అన్నం అనేసరికి ఎవరికైనా నోరు మూతపడుతుంది. ఆయన అబద్ధమాడటం లేదు, నిజంగానే భయపడుతున్నారు. కిందటేడు పక్క అంతస్తులో ఒక ప్రాజెక్టు పోతే, అక్కడి కుర్చీలన్నీ ఒక్క వారంలో ఖాళీ కావడం మేమందరం చూశాం. ఆ భయం నాకూ ఉంది. కానీ ఆ భయానికి మందు ఇది కాదని నాకు తెలుసు, ఆ తెలిసినదాన్ని ఆయన తలకెక్కించే దారి నాకు తెలియదు. రెండు రోజులు ఆగండి, బేరం తెగుతుంది, ఆయనే సంతోషంగా తీసుకుంటాడు అన్నాను. సరే చూద్దామండి అన్నారు. ఆయన నోట చూద్దాం అంటే వద్దని అర్థం, అది నేను గుర్తుపెట్టుకోవాల్సింది.

బయటికి వచ్చాక తమ్ముడు మొహం చిన్నబుచ్చుకుని ఉన్నాడు. తన నోటి వల్లే ఇదంతా అని బాధ. "బేరం జేసెటోనికి ఊకెనే ఇస్తే, ఇగ మనతోని బేరం జెయ్యడు అక్కా" అన్నాడు. మేనేజరు గారి స్లైడ్లన్నీ కలిపినా ఆ ఒక్క వాక్యమంత ఆలోచన లేదు.

ఆ సాయంత్రమే వారం వారం జరిగే పెద్ద కాల్. వాళ్ళ వైపు లీగ్‌లో ఆడేవాళ్ళు సగానికి పైగా ఉన్నారు. పని మాటలు అయ్యాయి. పెద్దాయన ఇంకేమైనా ఉన్నాయా అన్నాడు. మేనేజరు గారు గొంతు సవరించుకున్నారు. మన బంధానికి గుర్తుగా, మా వైపు నుంచి చిన్న సద్భావనగా, మీరు కోరిన ఆటగాడిని మా టెస్టింగ్ లీడ్ మీకు ఇచ్చేస్తున్నారు, బదులు ఏమీ అవసరం లేదు అని చదివినట్టుగా చెప్పేశారు. నేను పక్కనే ఉన్నాను. ఉరుము ఉరిమి మంగలం మీద పడ్డట్టు, నేను పడ్డ పాటంతా ఆ ఒక్క మాటతో పోయింది.

అవతలి నుంచి గరగర గొంతు, చూద్దాం అంది. కాల్ కట్ అయింది. మేనేజరు గారు నా ల్యాప్‌టాప్ వైపు చూపించి, నొక్కేయండి అన్నారు. నొక్కనంటే ఆయన మాట పోతుంది, అంతమందిలో చెప్పిన మాట. పెద్దాయన మొట్టమొదట ఇస్తానన్న ఇద్దరు సాదాసీదా ఆటగాళ్ళ ప్రతిపాదన ఇంకా యాప్‌లో పడి ఉంది. బదులు లేకుండా ఇచ్చే వీలు యాప్‌లో లేదు కాబట్టి దానికే ఒప్పుకున్నట్టు నొక్కాను. ఆ క్షణంలో మేనేజరు గారి మీద నాకు వచ్చినంత కోపం, నా జన్మలో ఇంకెవరి మీదా రాలేదు.

మా ఇద్దరికీ తెలియనిదల్లా, ఆ లీగ్‌కు ఇంకో కట్టుబాటు ఉందన్న సంగతి. ఏ మార్పిడి అయినా మరీ ఒకవైపుకు ఒరిగిపోయిందనిపిస్తే మిగతావాళ్ళు అభ్యంతరం పెట్టొచ్చు. ఎక్కువమంది పెడితే మార్పిడి చెల్లదు. మర్నాడు పొద్దున పాపకు జడ వేస్తూ ఫోను చూస్తే, గ్రూపు నిండా అభ్యంతరాలే. ముందు సరదాగానే మొదలయ్యాయి. మా బాసుకి కానుక వచ్చింది అని ఒకడు. కాంట్రాక్టు నెలలో వెండర్ దగ్గర్నుంచి కానుకా, బాగుంది అని ఇంకొకతె. మూడో వాడు సరదా మానేసి, ఇలాంటి కానుకలు వస్తే కంపెనీలో రాసివ్వాలి కదా అని అడిగాడు. అంతటితో నవ్వే బొమ్మలు ఆగిపోయాయి.

చూశారా, పెద్దాయనకు మేలు చేశామనుకుని మేము ఆయన్ని సొంత మనుషుల ముందు లంచం తీసుకున్నవాడిని చేశాం. చిన్నప్పటి నుంచి ప్రాణంగా చూసుకునే జట్టు, ఏటా సొట్ట కప్పు కోసం పదిమందితో పోటీపడే ఆట, అందులో ఆయన తల దించుకునేలా చేశాం. క్లయింటును సంతోషపెట్టడం తప్ప ఇంకేమీ నేర్వని మనుషులం కాబట్టే ఇంత పకడ్బందీగా అవమానించగలిగాం.

సాయంత్రానికి ఆయనే గ్రూపులో రాశాడు. ఈ మార్పిడిని నేను అంగీకరించడం లేదు, రద్దు చేయండి, ఈ విషయం మా కంపెనీవాళ్ళకు నేనే తెలియజేశాను. అంతే. ఎవరినీ దొంగ అనలేదు. ట్రాక్టర్ల ఊసు లేదు. రాత్రికి స్టార్ మళ్ళీ నా జట్టులోకి వచ్చి పడ్డాడు.

మేనేజరు గారు చేతులు కాలాక ఆకులు పట్టుకున్నారు. సంజాయిషీ మెయిల్ రాయమంటారా, మీరు రాస్తారా, ఇద్దరం రాద్దామా అని రోజంతా నా చుట్టూ తిరిగారు. ఆ వారం ఆయన సరిగ్గా భోజనం కూడా చేయలేదు. నాకు జాలి వేయాలి, వేయలేదు. తర్వాతి వారం కాంట్రాక్టు పొడిగింపు కాగితాలు వచ్చాయి. ఆ నిర్ణయం వాళ్ళ కొనుగోలు విభాగం అంతకుముందు నెలలోనే చేసేసిందని, సంతకాలే ఆలస్యమయ్యాయని కాగితాలతో వచ్చిన మెయిల్లోనే ఉంది. ఇరవై కుటుంబాల అన్నానికీ నా ఆటగాడికీ ఆవగింజంత సంబంధం కూడా లేదు. మేనేజరు గారు దేవుడి దయండి అన్నారు. దేవుడు దయగానే ఉన్నాడు, మధ్యలో మేమే తొందరపడ్డాం.

ఆ తర్వాతి కాల్‌లో నేను ఒక విడుదల ఆపమన్నాను. ఈసారి గరగర గొంతు నా పేరు పిలవలేదు. దీని గురించి మీ మేనేజరుతో మాట్లాడతాను అంది. మేనేజరు గారు మాట్లాడారు. చిన్న పరిశీలన అన్నారు. ఆ శనివారం నేనూ తమ్ముడూ ఆఫీసులోనే ఉన్నాం.

స్టార్ మాత్రం ఆడుతూనే ఉన్నాడు. ఎవరికీ ఇవ్వకూడదనుకున్నా నా దగ్గర అంత కాలం ఉండేవాడు కాదేమో, ఇవ్వబోయాక వదలడం లేదు. పొద్దున్నే టింగు, బస్సులో టింగు. నా జట్టు మొదటి స్థానానికి ఎక్కింది. గ్రూపులో నన్ను ఎవరూ ఆటపట్టించలేదు, కనీసం తిట్టలేదు. అందరూ మర్యాదగా ఉన్నారు. ఆ మర్యాద చూస్తే నాకు ఏడుపొచ్చేంత కోపం వచ్చేది.

ఒక రోజు ఉండబట్టలేక నేనే ఆయనకు రాశాను. ఆఫీసు మెయిల్లో కాదు, యాప్‌లో, ఇదివరకు బేరమాడిన చోటే. కానుక గీనుక ఏమీ లేదు, నాకు మీ గోల్‌కీపర్ కావాలి, వాడితో పాటు ఆ కుర్ర ఆటగాడు కావాలి, అంతకు ఒక్కడు తగ్గినా స్టార్‌ని ఇవ్వను, మీ నాన్నగారైతే ఈపాటికి ఒప్పుకునేవారు అని రాశాను. మేనేజరు గారికి చెప్పలేదు. తమ్ముడికి చూపించాను. "గట్లనే అడగాలె" అన్నాడు. పంపేశాను.

మూడు రోజులకు జవాబు వచ్చింది. యాప్‌లో కాదు, ఆఫీసు మెయిల్లో, మేనేజరు గారికి కాపీ పెట్టి.

"హాయ్ టీమ్, వెండర్లతో ఆటగాళ్ళ మార్పిడి పెట్టుకోవద్దని మా వాళ్ళు చెప్పారు. అర్థం చేసుకోగలరు. సహకారానికి ధన్యవాదాలు."

నేను దాన్ని చదువుతుండగానే పక్కన తమ్ముడి ఫోను మోగింది. స్టార్ మళ్ళీ గోల్ కొట్టాడు. తమ్ముడు పట్టిక తెరిచి నా ముందు పెట్టాడు. నా జట్టు, కింద చాలా దూరంలో పెద్దాయన జట్టు.

"చూడు అక్కా, గెలుస్తున్నం."

"ఎవరి మీద?" అన్నాను.